నాంచారమ్మను నాన్సీ చేసిన రోజులు

మొన్న మా చర్చిలో పాటలు పాడే అమ్మాయి పెళ్ళికని నాగాయలంక వెళ్ళాను. భోజనాలయ్యాక మావాళ్ళంతా వ్యానులో సముద్రం చూడటానికి బయల్దేరారు. నాకు మర్నాడు గుడివాడలో బడి ఉందని చెప్పి నేనొక్కదాన్నే బస్టాండుకి వచ్చేశాను. ఎండ ఇంకా తగ్గలేదు. అవనిగడ్డ బస్సు ఎప్పుడుందో ఎవర్నడగాలా అని చూస్తుంటే, స్కూటీ మీద వెళ్తున్న ఒకమ్మాయి కాస్త ముందుకు వెళ్ళి, బండి తిప్పుకుని వెనక్కి వచ్చి నా ఎదురుగా ఆగింది. ముప్పై ఏళ్ళుంటాయి. కాళ్ళ దగ్గర ట్రేలో రొయ్యల చెరువుల నీళ్ళు నింపిన చిన్న చిన్న సీసాలు, వాటి మీద నంబర్లు. చున్నీ విప్పి ముఖం తుడుచుకుని, "టీచర్ గారూ, గుర్తుపట్టారా? నేను నాన్సీని" అంది. గుర్తుపట్టాను. చాలా ఏళ్ళుగా, ఈ వైపు ఏ పనిమీద వచ్చినా, ఈ అమ్మాయి కనపడకుండా ఉంటే బావుండునని అనుకుంటూనే ఉన్నాను.

ఆ పేరు పెట్టింది నేనే. బందరులో ఒక ప్రైవేటు బడిలో ఫ్రెంచి టీచరుగా చేరిన కొత్తల్లో పిల్లలకి తలా ఒక ఫ్రెంచి పేరు పెట్టడం నాకు సరదాగా ఉండేది. పవన్ పియేర్ అయ్యాడు, సునీత సోఫీ అయింది. ఎనిమిదో తరగతిలో ఈ అమ్మాయి అసలు పేరు నాంచారమ్మ. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వినగానే వెనక బెంచీల్లో ఎవరో ఒకరు నవ్వేవారు. ఫ్రాన్సులో నాన్సీ అని ఒక ఊరుందని, ఇక మీదట నా క్లాసులో నీ పేరు అదేనని చెప్పాను. తను చాలా సంతోషపడింది. నోటు పుస్తకాల అట్టల మీద కూడా ఆ పేరే రాసుకుంది. ఒక పిల్ల పేరు తీసేసి ఇంకో పేరు ఇవ్వడంలో తప్పేమైనా ఉందని అప్పుడు నాకు తోచలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను.

అప్పుడు నేను చర్చి వెనక సందులో సుగుణమ్మ గారింట్లో అద్దెకుండేదాన్ని. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లవారుజామున లేచి, దీపం వెలిగించకుండా చీకట్లోనే ప్రార్థన చేసుకుని, తర్వాత వాకిలి కడిగేవారు. ఆ ఇంట్లో పొద్దున్నే ఫినాయిలు వాసన, దాని వెనకే కాఫీ డికాషన్ వాసన వచ్చేవి. తెల్ల చీరలకి గంజి తనే పెట్టుకునేవారు, గంజి నీళ్ళలో ఒక్క చుక్క నీలిమందు. ఎవరింట్లో జ్వరమొచ్చినా పిలవకపోయినా వెళ్ళి చెయ్యి పట్టుకుని చూసొచ్చేవారు. నాతో పెద్దగా మాట్లాడేవారు కాదు కానీ, నేను బడి నుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి ఉండేవారు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఈ రోజు పిల్లలకి ఏం చెప్పావని తప్పకుండా అడిగేవారు. ఏం చెప్పేదాన్ని? పారిస్ గురించి చెప్పాననేదాన్ని. నేను హైదరాబాదులో చదువుకున్న ఫ్రెంచి పుస్తకాల్లో ఇనప గోపురం, నది మీద వంతెనలు, వెన్న రాసుకునే రొట్టెలు ఉండేవి. నేను ఆ దేశం ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళిన దానిలాగే చెప్పేదాన్ని.

ఆ ఏడాదే మా బడికి ఇంటర్నెట్టు వచ్చింది. ఎక్కడెక్కడి ఫ్రెంచి టీచర్లనో కలిపే ఒక వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే, కంప్యూటర్లో ముఖాలు చూసుకుంటూ ఇంకో దేశపు పిల్లలతో మన పిల్లలు మాట్లాడవచ్చని తెలిసింది. పారిస్ బడి కావాలని రాశాను. రీయూనియన్ దీవి నుంచి జవాబొచ్చింది. ఆఫ్రికాకి ఇవతల సముద్రంలో ఉన్న చిన్న దీవి, ఫ్రాన్సుకి చెందినదే. అక్కడి టీచరమ్మ ఎంతో ఆదరంగా రాసింది. నాకు మాత్రం ఉసూరుమనిపించింది. వేరే బడి ఏదైనా దొరుకుతుందా అని ఆ వెబ్‌సైటు వాళ్ళకి రెండుసార్లు ఉత్తరం రాశాను. దొరకలేదు. మొదటి రోజు తెర మీద ఆ పిల్లలు కనపడగానే మా పియేర్, అంటే పవన్, "టీచర్, వీళ్ళు మనవాళ్ళలాగే ఉన్నారు" అన్నాడు. నిజమే. నల్లటి ముఖాలు, నూనె రాసి దువ్విన జుట్లు. కొందరి ఇంటిపేర్లు కూడా మన పేర్లే, పలకడం మాత్రం వేరు. ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి మన తీరాల నుంచి ఓడల్లో వెళ్ళిన కూలీల మునిమనవలు వాళ్ళు. వెనక నిలబడి చూస్తున్న కరస్పాండెంట్ గారు నా దగ్గరకొచ్చి, వీళ్ళు ఫ్రెంచివాళ్ళేనా అమ్మా అని మెల్లిగా అడిగారు. ఫ్రెంచి మాట్లాడే వాళ్ళందరూ పారిస్ వాళ్ళే కానక్కర్లేదని, ఆ భాష ఎన్నో దేశాల్లో ఎన్నో రంగుల మనుషుల ఇంటి భాష అని ఆయనకి చెప్పాల్సిన మనిషిని నేను. క్షమించమన్నట్టు నవ్వి ఊరుకున్నాను.

పిల్లలకి మాత్రం అదంతా పట్టలేదు. వాళ్ళ టైము మనకంటే గంటన్నర వెనక అని తెలిసి ఆశ్చర్యపోయారు. మా ఊళ్ళోనే ఫ్రెంచిపేట ఉందని వీళ్ళు చెబితే వాళ్ళు నమ్మలేదు. కరెంటు పోయి తెర ఆరిపోతే అందరూ ఒక్కసారిగా అయ్యో అనేవారు. మూడో సారికి ఆ టీచరమ్మ ఒక అంశం ఇచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం పని చేస్తారో చెప్పండి అని. వారం ముందు నుంచి నేను ఒక్కొక్కళ్ళ చేత అయిదేసి వాక్యాలు రాయించి దిద్దాను. నాంచారమ్మ ఊరు నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసే ఏటి మొగ దగ్గర. బందరులో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేది. వాళ్ళ నాన్న సముద్రంలో చేపలు పడతాడు. వాళ్ళ ఇళ్ళల్లో చేపలకి వెళ్ళడాన్ని వేటకెళ్ళడం అంటారు. పాపం ఆ పిల్ల ఎవర్నీ అడగకుండా డిక్షనరీ ముందేసుకుని వేట అనే మాట వెతుక్కుని, మా నాన్న వేటగాడు అని రాసుకొచ్చింది. ఫ్రెంచిలో ఆ మాటకి అడవిలో తుపాకీ పట్టుకుని తిరిగేవాడని అర్థం. నేనది క్లాసులో పైకి చదివాను. పిల్లలు విరగబడి నవ్వారు. మీ నాన్న పులుల్ని కొడతాడా అని ఒకడు అడిగాడు. నేనూ నవ్వాను.

నవ్వాక సరైన మాట చెప్పి ఉంటే సరిపోయేది. చేపలు పట్టేవాడికి ఫ్రెంచిలో చక్కటి మాట ఉంది. చెప్పలేదు. ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, మీ నాన్న పట్టిన చేపలు అమ్ముతాడు కదా, వ్యాపారి అని రాద్దాంలే, వినడానికి బావుంటుంది అన్నాను. మోఁ పేర్ ఎ కొమెర్సాఁ. మా నాన్న వ్యాపారి. ఉచ్చారణ కుదిరేదాకా ఆ వాక్యం పదిసార్లు పలికించాను. తను బుద్ధిగా పలికింది.

ఆ రోజు తెర మీద వాళ్ళ తరఫున ఎలోదీ అనే అమ్మాయి వాళ్ళ తాతని బడికి తీసుకొచ్చింది. బక్కపల్చటి మనిషి, తల మీద తాటాకు టోపీలాంటిది, దాన్ని తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మాట ఆ దీవి యాసలో ఉండటంతో నాకు సగం అర్థం కాలేదు. ఎలోదీ బడి ఫ్రెంచిలో మళ్ళీ చెప్పింది. తాత చిన్నప్పటి నుంచీ సముద్రంలో చేపలు పట్టాడట. ఇప్పుడు చూపు ఆనక మానేశాడట. ఒక పాత వల తెచ్చి కెమెరాకి దగ్గరగా పట్టుకుని ఒక్కో ముడీ చూపించాడు. తర్వాత ఆయన అడిగిన మాట ఇది. మీ ఊళ్ళో సముద్రం ఉందని మా మనవరాలు చెప్పింది, మీలో ఎవరింట్లోనైనా సముద్రానికి వెళ్ళేవాళ్ళున్నారా, వాళ్ళ వల ఎలా అల్లుతారో నాకు చూడాలని ఉంది.

మా పిల్లలకి ఫ్రెంచి అంతగా రాకపోయినా ఆ ప్రశ్న అర్థమైంది. అందరి తలలూ మూడో బెంచీ వైపు తిరిగాయి. నాంచారమ్మ చెయ్యి తన సంచీలో ఉంది. సంచీ అంచు దగ్గర వల ముక్క ఒకటి, వల అల్లే చెక్క సూది ఒకటి నాకు కనపడ్డాయి. అవి ఇంటి నుంచి తెచ్చుకుందని నాకు అప్పుడే తెలిసింది. తను నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, చాలా కొంచెం, తనకి మాత్రమే తెలిసేలా. తర్వాత తెర వైపు తిరిగి, నాకొచ్చిన ఫ్రెంచి అంతా ఉపయోగించి, లేరండీ, మా పిల్లలంతా టౌను పిల్లలు, సముద్రం ఇక్కడికి దూరం అన్నాను. గాలి అటు తిరిగితే మా బడి వరండాలో ఉప్పు వాసన వచ్చేది. ఆ పెద్దాయన మెల్లిగా తలూపి వల మడత పెట్టుకున్నాడు. కాసేపటికి నాంచారమ్మ వంతు వచ్చింది. లేచి నిలబడి, మోఁ పేర్ ఎ కొమెర్సాఁ అని తప్పు లేకుండా చెప్పి కూర్చుంది.

తర్వాతి శనివారం సాయంత్రం సుగుణమ్మ గారి గేటు దగ్గర నాంచారమ్మ, వాళ్ళ నాన్న నిలబడి ఉన్నారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో తడి గోనె సంచీ పట్టుకుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే, ఫర్వాలేదండీ, నీచు వాసన అని మెట్ల దగ్గరే ఆగిపోయాడు. సంచీలో మంచి పండుగప్ప చేప ఉంది, పొద్దున్నే పడిందట. ఏటి మొగ నుంచి పడవా రెండు బస్సులూ మారి తెచ్చాడు.

"మా అమ్మాయి చెప్పిందండీ," అన్నాడు. "మీరు దగ్గరుండి మా పని గురించి తన చేత చెప్పించారంట. అక్కడెవరో పెద్దాయన మా వల చూసి మెచ్చుకున్నాడంట గదా. ఎక్కడి దేశం, ఎక్కడి మనిషి. మా పని గురించి ఇట్టా అడిగినోళ్ళు లేరండీ."

నేను నాంచారమ్మ వైపు చూశాను. తను మెట్ల పక్కన మందార మొక్క కింద రాలిన ఆకుల్ని చెప్పుతో ఒక పక్కకి నెడుతోంది. తల ఎత్తలేదు. ఏం జరిగిందో తండ్రికి చెప్పలేక, జరగాల్సిందేదో అదే జరిగినట్టు చెప్పింది. ఇక నేను చేయాల్సింది ఆ అబద్ధాన్ని నిలబెట్టడమో, ఆయన ముందు కూతుర్ని అబద్ధాలకోరుని చేసి నా సంగతి ఒప్పుకోవడమో. అవునండీ, బాగా చెప్పింది అన్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తిరిగి దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం తలుచుకుంటే ఈ రోజుకీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సుగుణమ్మ గారు చింతపండు పులుసు పెట్టారు. ఇల్లంతా మెంతుల వాసన. కంచం ముందు కూర్చోగానే, ఆవిడ అడక్కుండానే మొత్తం చెప్పేశాను. ఆవిడ తినడం ఆపి విన్నారు.

"మా అమ్మ ఊరి చివర పేటలో పుట్టింది. గేదెల దగ్గర పేడ తీసి నన్ను నర్సు చదివించింది," అన్నారు. "ఆసుపత్రిలో ఎవరడిగినా అదే చెప్పాను. ఆ పిల్లకి ఏం తక్కువైందని దాచావు? నీకెవరు నేర్పారమ్మా ఇది?"

ఎవరు నేర్పారో నాకు తెలుసు, ఆవిడకి చెప్పలేదు. మా నాన్న అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్ళో మిషన్ బడి పంతులు. మా అమ్మ పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు, ఊళ్ళో వాళ్ళ పొలాల్లో కూలికి నాట్లు వేసింది. శనివారం సాయంత్రం పెరట్లో కూర్చుని ఇటుక ముక్కతో పాదాలు రుద్దుకునేది, పగుళ్ళలో ఒండు పోయేదాకా. మర్నాడు చర్చిలో పంతులు గారి భార్యగా కూర్చోవాలి కదా. నేను పక్కన కూర్చుని నీళ్ళు పోసేదాన్ని. ఆ తడి మన్ను వాసన, సబ్బు వాసన కలిసి మాకు ఆదివారం వచ్చేస్తోందని తెలిసేది. ఎవరైనా అడిగితే మాష్టారి అమ్మాయినని చెప్పు, నా సంగతి ఎత్తకు అని ఆవిడే చెప్పేది, నవ్వుతూనే. బందరు కాలేజీలోనూ, హైదరాబాదులోనూ అలాగే చెప్పాను. ఎత్తకు అన్నది ఆవిడే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. ఒకసారి కాలేజీ వార్షికోత్సవానికి వస్తానంటే, ఎండలో ఎందుకమ్మా అని ఆపేశాను. ఎండ కాదు కారణమని ఆవిడకి తెలుసు. అలా నాకు పనికొచ్చిందని నేననుకున్నదాన్నే ఆ పిల్లకీ ఇచ్చాను.

ఆ పెద్దాయనకి నిజం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. మొదటి వాక్యం దాటలేదు. ఇంతలో పరీక్షలొచ్చాయి, ఆ దీవి బడితో మాటలు ఆగిపోయాయి. తొమ్మిదిలో నాంచారమ్మ ఫ్రెంచి మానేసి సంస్కృతం తీసుకుంది. మార్కులు బాగా వస్తాయని చెప్పింది. నేను గుడివాడకి మారిపోయాను. సుగుణమ్మ గారు పోయినప్పుడు వెళ్ళి ఆవిడ తెల్ల చీరలు మడత పెట్టి వచ్చాను, ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పకుండానే.

దీనికి మించి సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. ఈ ఏళ్ళన్నిటిలో టీచర్ల శిక్షణ తరగతులకి నన్ను పిలిచినప్పుడల్లా ఈ కథ చెబుతూనే వచ్చాను. వేరేగా. కరెంటు కోతల మధ్య, ఒక్క కంప్యూటర్‌తో, బందరు పిల్లల్ని ఎక్కడో దీవిలోని పిల్లలతో మాట్లాడించానని, ఒక చేపల తాత వల చూపించాడని చెబితే అందరూ చప్పట్లు కొట్టేవారు. నాంచారమ్మ అందులో ఉండేది కాదు. ఇప్పుడు మా గుడివాడ బడిలో గోడంత తెర ఉంది. సెనెగల్ పిల్లలు, కెనడా పిల్లలు, మారిషస్‌లో ఇంట్లో ఇప్పటికీ తెలుగు పండగలు చేసుకునే పిల్లలు వారం మార్చి వారం కనపడతారు. వాళ్ళ ఫ్రెంచిలో యాసలు విని మా పిల్లలు ముచ్చట పడతారు, ఏది అసలు ఫ్రెంచి అని ఎవరూ అడగరు. కానీ మీ ఇల్లు చూపించండి అంటే ఇప్పటికీ టైల్స్ వేసిన ముందు గదే వీడియో తీసుకొస్తారు. వెనక రేకుల షెడ్డులో పాలు పితికే అమ్మమ్మ అందులో ఉండదు. ఆవిడ్ని కూడా తీసుకురండి అని చెప్పడానికి నోరు తెరిచి, ఏ ముఖం పెట్టుకుని చెప్పను అని మూసుకుంటాను.

నాంచారమ్మ నన్ను బస్సెక్కనివ్వలేదు. స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. రెండు గదుల డాబా. తను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తోంది. వాళ్ళ నాన్న మూడేళ్ళ క్రితం పోయాడట. గోడ మీద ఫొటోలో అదే ఉతికిన చొక్కాలాంటి చొక్కా. టీ పెడుతూ, ఫ్రెంచి అంతా మర్చిపోయాను టీచర్, ఒక్క వాక్యం మాత్రం నిద్రలో లేపినా చెబుతాను అని నవ్వి, ఆ వాక్యం చెప్పింది. ఉచ్చారణలో ఇప్పటికీ ఒక్క తప్పు లేదు. నేను తల దించుకుని, ఆ రోజు నిన్ను వల చూపించనివ్వలేదమ్మా, మీ నాన్న గారి ముందు కూడా నోరు విప్పలేదు, నన్ను క్షమించు అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

తను టీ గ్లాసులో పోసింది. గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా కింద కూర్చుంది.

"మీరు అనుకుంటున్నట్టు కాదు టీచర్," అంది. "వల ముక్క మా నాన్న ఇచ్చాడని తెచ్చాను. అందరూ నా వైపు తిరిగేసరికి భయమేసింది. నేను చెయ్యి పెట్టింది బయటికి తీయడానికి కాదు, ఇంకా లోపలికి తోయడానికి. మీరు అలాంటివాళ్ళెవరూ లేరని చెప్పగానే హమ్మయ్య అనుకున్నాను. మా నాన్నకి ఆ అబద్ధం చెప్పింది మీ కోసం కాదండీ, హమ్మయ్య అనుకున్నందుకు. పోయేదాకా ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు, పరాయి దేశంలో మా వల చూశారని."

ఇన్నేళ్ళూ నేను ఆ పిల్ల నోరు మూశాననే బాధపడ్డాను. మాట్లాడాలని తను తహతహలాడిందని, నేను అడ్డుపడ్డానని. ఆ రోజు తల ఊపడానికి చాలా ముందే నా పని నేను పూర్తి చేశానన్నది తెలియలేదు. పేరు మార్చినప్పుడు, వేటగాడని నవ్వినప్పుడు, ఎర్ర పెన్నుతో గీత గీసినప్పుడు. తల ఊపేసరికి తనకి అడ్డు చెప్పాల్సిన అవసరమే మిగల్లేదు.

టీ చల్లారిపోయింది. తను వేరే మాటల్లోకి వెళ్ళాలనుకుందేమో, మీ అమ్మానాన్నలు ఏం చేసేవారు టీచర్, మీరెప్పుడూ చెప్పలేదు అంది. మా నాన్న బడి పంతులు అని, అలవాటుగా అక్కడ ఆగాను. తర్వాత, మా అమ్మ ఊళ్ళో వాళ్ళ పొలాల్లో కూలికి నాట్లు వేసేది అన్నాను. ఇంటి బయట ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నా చెవులు వేడెక్కాయి.

నాంచారమ్మ నా ముఖంలోకి చూసింది. కోపమేమీ లేదు.

"ఆ మాట అప్పుడు క్లాసులో చెప్పాల్సింది టీచర్," అంది.